అరికాళ్ళ సాము

జహీరాబాద్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ‘కరెంటు డాక్టరమ్మ’ అంటారు. నేను డాక్టర్ను కాదు, ఫిజియోథెరపిస్టును. అయినా మెడ పట్టినా, మోకాలు గుంజినా వచ్చి మంచమెక్కి పడుకుని ‘కరెంటు పెట్టుండ్రి మేడం’ అనడం ఇక్కడ రివాజు. ముసలి చాచాలు ‘బేటీ, జర కరెంట్ లగాదేవ్’ అంటారు. మిషను దీపం వెలిగి, ఒంట్లో చిమచిమలాడితే చాలు, పెట్టిన పైసలు గిట్టినట్టే. అదే మనిషిని లేపి, గోడ పక్కన నిలబెట్టి, ఒక కాలు ఎత్తి కళ్ళు మూసుకోమంటే ముఖం మాడిపోతుంది. ‘గీ నిలబడుడు మా ఇంట్ల మేం నిలబడమా?’ అని ఒకాయన నిలదీశాడు కూడా.

ఆ నిలబడుడు వెనక నూట ముప్ఫై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. క్యాన్సర్ మందులు ఎక్కించుకునేవాళ్ళ కాళ్ళ నరాలు, చేతుల నరాలు చెడిపోకుండా చూడడానికి డాక్టర్లు చాలా గోలీలు, చాలా సూదులు పరీక్షించారు. అవన్నీ చేతులెత్తేసిన చోట ఇప్పుడు ఎక్కువ ఆశ చూపిస్తున్న వాటిలో ఈ నిలబడుడు ముందుంది. నా కరెంటు మిషనుకు ఆ లెక్కలో చోటు లేదు. మిషను కొన్నదాన్ని నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

నా దగ్గరికి క్యాన్సర్ మందు ఎక్కినవాళ్ళు ఝరాసంగం, కోహీర్, న్యాల్‌కల్, మొగుడంపల్లి, రాయికోడ్ మండలాల నుంచి వస్తారు. మందు మాత్రం ఎక్కేది హైదరాబాద్‌లో, ముంబై రోడ్డు మీద నూరు కిలోమీటర్ల అవతల. పేదవాళ్ళు చాలామంది పోయేది రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. దవాఖానకు. ఆ మూడక్షరాల మనిషి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్‌కు క్యాన్సర్ దవాఖాన కావాలని పట్టుబట్టి 1955లో దాన్ని నిలబెట్టాడు, తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరయ్యాడు. మా ఊరు కూడా పైగా నవాబు జహీర్ యార్ జంగ్ పేరిట వెలసిందని చెప్పుకుంటారు. ఒక జంగ్ ఊళ్ళో బస్సెక్కి ఇంకో జంగ్ దవాఖాన దగ్గర దిగుతారు మా వాళ్ళు.

మందు అన్ని విడతలూ అయిపోయి, జుట్టు మళ్ళీ మొలిచి, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక నా దగ్గరికొస్తారు. అప్పుడు వాళ్ళు చెప్పే మాటలు ఒకరి నోట విన్నా పది మంది నోట విన్నా అవే. అరికాళ్ళ కింద చీమలు పారుతున్నయి. నేల మీద బట్ట పరిచి నడిచినట్టుంది. చెప్పు యాడ ఊడిపోయిందో ఎరుకనే లేదు. రవిక గుండీ పెట్టుకోరాదు. చాయ్ గ్లాసు జారిపోతది. ఇంకోటి, అందరూ చెప్పరు కానీ నేను తప్పకుండా అడిగేది: ‘మొఖం కడుక్కుంటుంటే తూలుతున్నవా?’ అడగ్గానే ఆడవాళ్ళు ఆశ్చర్యపోయి ‘నీకెట్ల ఎరుక?’ అంటారు.

నాకెట్ల ఎరుకంటే, బెర్లిన్‌లో మోరిట్జ్ రోంబెర్గ్ అనే డాక్టర్ 1840లలోనే రాసి పెట్టాడు కాబట్టి. సిఫిలిస్ అనే సుఖరోగం ముదిరి వెన్నుపాములోకి దిగినవాళ్ళను ఆయన చూసేవాడు. కాళ్ళలో బలం ఉంటుంది, కానీ కాలు ఎక్కడుందో మెదడుకు కబురు అందదు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు చూపుతో నెట్టుకొస్తారు. కళ్ళు మూయమంటే ఊగిపోతారు. ముఖం మీద నీళ్ళు కొట్టుకునేటప్పుడు ఎవరైనా కళ్ళు మూస్తారు గదా, ఆ తూలు అక్కడే బయటపడుతుంది. మా ఊళ్ళలో బోరు దగ్గరో, స్నానాల బండ మీదో, అదీ తెల్లవారుజామున చీకట్లో. నిలబెట్టి, పాదాలు దగ్గరికి చేర్చి, కళ్ళు మూయించి చూసే పరీక్షకు ఈరోజుకీ ఆయన పేరే.

రోంబెర్గ్ రోగాన్ని గుర్తుపట్టాడు గానీ మందు చెప్పలేకపోయాడు. ఆయన కాలంలో ఆ రోగమొచ్చినవాడికి మంచమే గతి. దారి చూపినవాడు స్విట్జర్లాండ్‌లోని హైడెన్ అనే చిన్న ఊరి డాక్టర్ హైన్రిచ్ ఫ్రెంకెల్. 1889 ప్రాంతంలో ఆయన ఒక రోగిని పరీక్షిస్తూ, చేయి చాపి వేలితో ముక్కు తాకమన్నాడు. వేలు ముక్కు మీదికి రాలేదు. ఆ రోగికి అది నచ్చలేదు, పౌరుషం వచ్చింది. కొన్ని నెలలకు మళ్ళీ వచ్చినప్పుడు వేలు తిన్నగా ముక్కు మీదికొచ్చింది. రోగం తగ్గిందా అంటే తగ్గలేదు. ఏం చేశావని అడిగితే, రోజూ సాధన చేశానన్నాడు.

చాలామంది డాక్టర్లు అక్కడ నవ్వి ఊరుకునేవాళ్ళేమో. ఫ్రెంకెల్ ఊరుకోలేదు. నరం బాగుపడకపోయినా మిగిలిన నరాలతో పని నేర్చుకోవడం సాధ్యమైతే, ఆ నేర్పడమే వైద్యం కదా అనుకున్నాడు. మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. గది నేల మీద గీతలు, పాదాల బొమ్మలు గీయించి, రోగుల చేత నెమ్మదిగా, లెక్కపెడుతూ, కళ్ళతో పాదాన్ని చూసుకుంటూ అడుగులు వేయించాడు. ఆయన పట్టుబట్టింది మూడింటి గురించి: మెల్లగా చేయాలి, మనసు పెట్టి చేయాలి, అలసిపోక ముందే ఆపాలి. బలం కోసం చేసే కసరత్తు కాదది. పహిల్వాన్‌కు పనికొచ్చే దండ్‌లు, బైఠక్‌లు ఇక్కడ పనికిరావు.

మా కాలేజీ ల్యాబులో కూడా నేల మీద పసుపు రంగు పాదాలు ఉండేవి. ఫ్రెంకెల్ ఎక్సర్‌సైజులు అంటే మాకు పరీక్షలో వచ్చే ఒక చిన్న ప్రశ్న, అంతే. ఎందుకంటే 1940లలో పెన్సిలిన్ వచ్చి సిఫిలిస్‌ను తుడిచిపెట్టాక, ఆ తూలే రోగులే కనిపించకుండా పోయారు. రోగులు పోయాక వాళ్ళ కోసం పుట్టిన విద్య పుస్తకంలో ఒక పేజీగా మిగిలింది.

మన దగ్గర మాత్రం మొద్దుబారిన కాళ్ళు, చేతులు పోలేదు. కుష్ఠు ఉంది కాబట్టి. నిజాం రాజ్యంలో, నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో, 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కలిసి కుష్ఠు దవాఖాన తెరిచారు. వెస్లియన్ మిషను వాళ్ళు. డబ్బు సాయం చేసినవాడు స్థానికుడు, రాజా నర్సాగౌడ్. చాల్ముగ్ర నూనె సూదులు అక్కడ ఇచ్చేవారు. ఆ సూదుల పద్ధతిని కలకత్తాలో తీర్చిదిద్దిన ఎర్నెస్ట్ మ్యూర్, మందు ఒక్కటే చాలదు, తిండి, కసరత్తు కూడా చికిత్సలో భాగమే అని గట్టిగా చెప్పేవాడు. డిచ్‌పల్లి పేరు మా అమ్మమ్మ తరంవాళ్ళకు తిట్టుగానే తెలుసు. అక్కడికి పంపుతామంటే పిల్లలు అన్నం తినేవాళ్ళట. దక్కన్‌లో నరాల వైద్యానికి అది తొలి బడి అని నా చదువులో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తున్నాను.

తర్వాతి పాఠం వెల్లూరు నుంచి వచ్చింది. పాల్ బ్రాండ్ తమిళనాడులోని కొల్లిమలలో 1914లో పుట్టిన ఇంగ్లీషు సర్జను. 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల చేతులు చూడడం మొదలుపెట్టాడు. వేళ్ళు రోగం వల్ల కుళ్ళి రాలిపోతాయని అప్పటిదాకా లోకం నమ్మింది. బ్రాండ్ ఒక్కొక్క గాయాన్నీ వెంబడించి చూస్తే, నొప్పి తెలియకపోవడం వల్ల కాలడం, కోసుకోవడం, ఒరుసుకుపోవడం, ఇవే అసలు కారణాలని తేలింది. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా తెలియని రోగులున్నారని కనిపెట్టాక, ఇంటికి పోయేవాళ్ళకు పిల్లిని ఇచ్చి పంపేవారు. ఆపరేషను చేసి కండరాన్ని కొత్త చోట కుట్టాక, ఆ కండరానికి కొత్త పని నేర్పడానికి వారాల తరబడి వ్యాయామం చేయించేవారు. ఫ్రెంకెల్ చెప్పిందే ఇంకో రూపంలో.

క్యాన్సర్ మందు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది బ్రాండ్ మాటే. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి, చూసుకోలేకపోతే మనవరాలితో చూపించుకోండి. మా నేలలో తుమ్మముల్లుకు కొదవ లేదు. శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గర ఒట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్న ఒకావిడను, మధ్యాహ్నం వద్దు, తెల్లవారుజామున చేసుకో అని బతిమాలి ఒప్పించాను. మాఘం చివర్లో కూడా మా దగ్గర బండ మధ్యాహ్నానికి బాగా కాలుతుంది. కాలే పాదానికి ఆ సంగతి తెలియాలి కదా.

ఇప్పుడు మందుల సంగతి. మా ఇళ్ళ ముందు, సమాధుల దగ్గర నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు ఉంది చూడండి, విన్‌క్రిస్టిన్ దాంట్లోదే. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ మధుమేహానికి పనికొస్తుందేమోనని ఆ ఆకును పరీక్షిస్తే తెల్లకణాలు పడిపోయాయి. అట్లా 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది, 1963లో విన్‌క్రిస్టిన్ అమెరికాలో వాడకంలోకి వచ్చింది. పేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్‌ను జపాన్‌లో కిదానీ 1976లో తయారుచేశాడు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్ ఒక చెట్టు బెరడులోది, 1992 నుంచి వాడుతున్నారు. క్యాన్సర్ కణం విడిపోకుండా ఆపే ఈ మందులు నరాలనూ వదలవు. ఒక్కో మందు ఒక్కో రకంగా నరాన్ని పట్టుకుంటుంది. బిళ్ళగన్నేరు మందు సంగతి చెప్తాను. నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలిదాకా పోయే నరం మీటరు పొడుగుంటుంది. దాని లోపల సామాను మోసే సన్నని పట్టాలుంటాయి. విన్‌క్రిస్టిన్ ఆ పట్టాలనే విప్పేస్తుంది. వికారాబాద్ నుంచి మా ఊరి మీదుగా పర్లి వైజ్‌నాథ్ పోయే రైలు మార్గంలో మధ్యలో పట్టాలు లేచిపోతే, సరుకు అందక ముందు మాడేది చిట్టచివరి స్టేషనే. అందుకే తిమ్మిరి కాలివేళ్ళతో మొదలై పైకి పాకుతుంది.

ఎంతమందికి వస్తుందంటే, అనేక పరిశోధనలను కలిపి 2014లో వేసిన లెక్క ప్రకారం మందు ఆపిన తొలి నెలలో వందలో 68 మందికి ఉంటుంది, ఆరు నెలల తర్వాత కూడా 30 మందికి మిగిలే ఉంటుంది. ఆక్సాలిప్లాటిన్‌తో ఇంకో మెలిక ఉంది: మందు ఆపాక కూడా రెండు మూడు నెలలు తిమ్మిరి పెరుగుతూ పోతుంది. ముదిరితే డాక్టర్లు మందు మోతాదు తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. అంటే కాలి తిమ్మిరి చివరికి క్యాన్సర్ వైద్యాన్నే కుంటుపరుస్తుంది. ‘ప్రాణం దక్కింది, తిమ్మిరెంత’ అనే బంధువులకు నేను ఈ సంగతి రెండుసార్లు చెప్తాను.

నరాల బలానికి సూది వేయించమని అడిగేవాళ్ళు మా దగ్గర లెక్కలేనంతమంది. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2014లో, మళ్ళీ 2020లో ఉన్న రుజువులన్నీ జల్లెడ పట్టి, ఈ నరాల చేటును ముందుగా ఆపే మందు ఒక్కటీ లేదని తేల్చింది. నరాల బలానికని పేరుపడ్డ అసిటైల్ కార్నిటిన్ అయితే తిమ్మిరిని పెంచిందని 2013లో తేలింది. మందుల షాపులవాళ్ళకు ఈ కబురు చేరినట్టు లేదు.

మరి వ్యాయామం మాట ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఇక్కడ నాకు ఒక మనిషి గుర్తుకొస్తాడు. 1895లో భీమవరంలో పుట్టి, తర్వాత అమెరికా పోయిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టాడు. కండ కదలికకు బలం లాక్టిక్ ఆసిడ్ నుంచి వస్తుందన్న లెక్కకు 1922 నోబెల్ ఇచ్చి ఉన్నారు, ఆ లెక్క దీంతో తారుమారైంది. 1929లో కండకు బలమిచ్చే ఏటీపీని కూడా వేరుచేశారు. ఆ మనిషే తర్వాత లెడర్లే కంపెనీలో ఫోలిక్ ఆసిడ్ మీద, దానికి విరుగుడు మందుల మీద పనిచేయించాడు. ఆ విరుగుడుతోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు వైద్యం చేసి 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే పోయాడు, 53 ఏళ్ళకు. కండకు బలమెక్కడిదో చూపినవాడూ, కీమోకు బాట వేసినవాడూ ఒకే తెలుగువాడు. అయితే ఆ రెండు విద్యలూ దవాఖానలో ఒక మంచం దగ్గర కలుసుకోవడానికి ఆయన పోయాక ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

అంత ఆలస్యానికి కారణం మంచం మీద మనకున్న భక్తి. మన ఒక్కళ్ళకే కాదు. ఫిలడెల్ఫియాలో వైర్ మిచెల్ అనే నరాల డాక్టర్ 1870లలో ‘విశ్రాంతి చికిత్స’ అని పెట్టి వారాల తరబడి రోగిని పడక దిగనిచ్చేవాడు కాదు. యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుల నరాల నొప్పి గురించి అంత బాగా రాసిన మనిషి అట్లా ఎందుకు నమ్మాడో! మన ఇళ్ళలో ఆ చికిత్సకు డాక్టరు అవసరం లేదు. అత్త, కోడలు, చుట్టపుచూపుకు వచ్చినవాళ్ళు, అందరూ కలిసి ‘మందు పడ్డ ఒళ్ళు, కదలనియ్యకుండ్రి’ అంటారు. చెంబు నీళ్ళు కూడా మంచం దగ్గరికే. మొదటి మందుకు తానే బస్సెక్కి పోయిన ఆడమనిషి ఆరో మందు నాటికి గడప దాటడానికి చెయ్యందుకోవాలి. అందులో మందు వాటా ఎంత, మంచం వాటా ఎంత అని వేరుచేసి చెప్పడం నాకు కూడా కష్టమే.

అమెరికాలోని ఒహాయోలో మేరిల్ విన్నింగ్‌హామ్, ఆమె తోటివాళ్ళు 1980లలో ఈ భక్తిని ఎదిరించారు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఆడవాళ్ళను వ్యాయామ సైకిలు ఎక్కించి, వారానికి మూడుసార్లు, పది వారాలు తొక్కించారు. ఎవరూ కూలిపోలేదు. పైగా ఓపిక పెరిగింది. వాళ్ళు నర్సింగ్ రంగంవాళ్ళు కావడం నాకు వింతగా అనిపించదు. రోగి పాదం నేల మీద ఎట్లా పడుతుందో చూసేది డాక్టరు కాదు, మంచం దింపే మనిషి. ఇంచుమించు అదే దారిలో, లండన్‌లో ఫ్రీమన్ అనే సర్జను 1965లో చీలమండ బెణికినవాళ్ళను ఊగే పలక మీద నిలబెట్టి నయం చేయడం మొదలుపెట్టి ఉన్నాడు. బెణికిన కాళ్ళకు పుట్టిన ఆ విద్య క్యాన్సర్ రోగుల దగ్గరికి రావడానికి ఇంకో అర్ధ శతాబ్దం పోయింది.

తెచ్చింది ఫియోనా స్ట్రెక్‌మన్, జర్మనీలోని కొలోన్ క్రీడా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పనిచేసే పరిశోధకురాలు. ఫ్రెంకెల్ దేశానికే మళ్ళీ వచ్చింది ఈ కథ. 2014లో ఆమె బృందం 61 మంది లింఫోమా క్యాన్సర్ రోగులకు 36 వారాలు వ్యాయామం చేయించి, తూలు తగ్గిందని చూపింది. 2024లో పెద్ద ఫలితం వచ్చింది. ఆక్సాలిప్లాటిన్ గానీ, బిళ్ళగన్నేరు మందులు గానీ తీసుకోబోయే 158 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాల నుంచి అరగంట, మెత్తగా కదిలే ఆధారాల మీద నిలదొక్కుకునే సాధన చేసింది. రెండో జట్టు వణికే పలక మీద నిలబడింది. మూడో జట్టుకు మామూలు వైద్యమే. మామూలు జట్టులో వందకు 71 మందికి నరాల చేటు వచ్చింది. వణికే పలక జట్టులో 41 మందికి. నిలదొక్కుకునే జట్టులో 30 మందికి.

ఈ లెక్కలో నన్ను పట్టుకున్నది 30 కాదు, ‘తీసుకోబోయే’ అన్న మాట. ఫ్రెంకెల్, బ్రాండ్, ఫ్రీమన్ అందరూ చేటు జరిగాక నేర్పారు. స్ట్రెక్‌మన్ చేటు జరగకముందే నేర్పింది, మందుతోపాటే మొదలుపెట్టింది. మా దగ్గర దాదాపు అందరూ ఆ వేళ దాటిపోయాకే వస్తున్నారు. అంతకుముందు 2018లో అమెరికాలో రోచెస్టర్‌వాళ్ళు 355 మందికి కీమో మొదలైనప్పటి నుంచి ఆరు వారాలు ఇంటి దగ్గర నడక, రబ్బరు పట్టీలతో చేసే వ్యాయామం ఇచ్చి చూస్తే చేతుల్లో, పాదాల్లో వేడి, చల్లదనం తెలిసే ఇబ్బంది తగ్గింది. అందులో పాక్లిటాక్సెల్‌వంటి మందులు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

వణికే పలక మాట చెప్పగానే మా దగ్గర ఏమడుగుతారో ఊహించండి. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు మాది, మహీంద్రా కంపెనీ ఇక్కడే ఉంది. ‘మేడం, ట్రాక్టర్ మీద కూసుంటే ఆ వణుకు రాదా?’ అని ఒక పటేలు నిజంగానే అడిగాడు. రాదు పటేలా. ఆ పలక మీద మోకాళ్ళు కొద్దిగా వంచి, కొద్ది నిమిషాలే నిలబడాలి, మధ్యలో ఆపాలి. ట్రాక్టరు సీటు గంటల తరబడి నడుమును దంచుతుంది. ఎక్కువ కాలం వణికే పనిముట్లు పట్టుకున్నవాళ్ళ వేళ్ళ నరాలు దెబ్బతింటాయి కూడా. ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

పలక కొనే స్తోమత నాకు లేదు, వాళ్ళకు అంతకన్నా లేదు. అయితే కదిలే ఆధారానికి మా ఇళ్ళలో బొంత ఉంది. ఒక మడత మీద నిలబడడం తేలిక. రెండు మడతలు, నాలుగు మడతలు అయ్యేకొద్దీ కష్టం. మొదటి వారం రెండు కాళ్ళ మీద కళ్ళు తెరిచి, తర్వాత కళ్ళు మూసి. ఆ తర్వాత ఒక పాదం ముందు ఒక పాదం. అటు తర్వాత ఒంటికాలు. దర్వాజా చౌకట్టు చేతికి అందేలా నిలబడాలి, పక్కన మనిషి ఉండాలి. కష్టం పెంచుకుంటూ పోవడమే ఇందులో మందు, తేలికైనదాన్నే నెల రోజులు చేస్తే పాదం నేర్చుకునేది ఏమీ ఉండదు. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు, ఎముకలోకి రోగం పాకినప్పుడు, జ్వరం ఉన్నప్పుడు వద్దు. డాక్టరును అడిగి రావాలి. ఇది ఎందుకు పనిచేస్తుందో పరిశోధకులు ఇంకా తేల్చుకుంటున్నారు. కబుర్లు తగ్గిన నరాలతోనే మెదడు లెక్క కుదుర్చుకోవడం ఒక కారణమంటారు, ఒంట్లో వాపు తగ్గడం ఇంకో కారణమంటారు.

న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే ఒక కురుమ తాత, పేగు క్యాన్సర్ మనిషి, మొదటిరోజే ఒంటికాలి మీద అలవోకగా నిలబడిపోయాడు. ‘గొర్లెంబడి తిరిగినన్నాళ్ళు కట్టెకు ఒరిగి గిట్లనే నిలబడ్డ బిడ్డా, నాకు నేర్పుతవా?’ అన్నాడు. కట్టె తీసేసి, బొంత వేసి, కళ్ళు మూయించాను. అప్పుడు నవ్వాడు. జనవరిలో మాత్రం ఆయన ఇబ్బంది పడ్డాడు. తెలంగాణలో చలి గట్టిగా పడే చోట్లలో మా కోహీర్, న్యాల్‌కల్ కూడా ఉన్నాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కినవాళ్ళకు ఆ చలిలో ఇత్తడి చెంబు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లనీళ్ళు మింగితే గొంతు పట్టేస్తుంది. కాచిన నీళ్ళు ఇవ్వమన్నాను. ఆ నీళ్ళు ఎంత వేడో మొద్దుబారిన చేతికి తెలియదు, మోచేతితో చూడమన్నాను.

ఆడవాళ్ళ దగ్గర నాకు పని ఇంకా తేలిక. నేల మీద సుద్దతో గళ్ళు గీస్తే చాలు, ముప్ఫై ఏళ్ళ కింద మానేసిన తొక్కుడుబిళ్ళ పాదానికి గుర్తొస్తుంది. ఒంటికాలితో గంతు పెద్దవాళ్ళ చేత వేయించను, పడతారు. గీత తొక్కకుండా గడి నుంచి గడికి అడుగు మార్చడం, గడిలో ఒంటికాలి మీద ఆగడం, వంగి బిళ్ళ తీసుకుని లేవడం. వంగి లేచేటప్పుడే తూలంతా తెలుస్తుంది. పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పాత విత్తనాలు దాచే ఒక పెద్దమ్మ ఈ గళ్ళు చూసి, ‘మా రేడియోల చెప్పరాదే గీ ముచ్చట’ అంది. మాచ్‌నూర్‌లో వాళ్ళ సంఘం రేడియో 2008 నుంచి నడుస్తున్నది. రాగులు, కొర్రలు మరిచిపోయిన వాళ్ళకు మళ్ళీ గుర్తుచేసిన మనుషులు వాళ్ళు. తొక్కుడుబిళ్ళ వాళ్ళకు పెద్ద పని కాదు.

పోయిన నెల ఒక కొడుకు తల్లిని తీసుకొచ్చాడు. ఆమెకు ఇంకా మందు మొదలే కాలేదు. ముందుగా వచ్చేవాళ్ళు ఇంత అరుదు కాబట్టి, పొరపాటున నా గడప ఎక్కారేమో అనుకున్నాను. పక్కింటామె తూలడం చూసి భయపడి వచ్చారట. పాక్లిటాక్సెల్ ఇస్తారట, పన్నెండు వారాలు, వారం వారం. జర్మనీ లెక్క ఆ మందు మీద వేసింది కాదని కొడుకుకు దాచకుండా చెప్పాను. రోచెస్టర్ లెక్కలో ఆ మందువాళ్ళున్నారని కూడా చెప్పాను. వారానికి ఒకసారి ఇక్కడ, ఒకసారి ఇంటి దగ్గర అన్నాను. కొడుకు ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఆమె బొంత మీద నిలబడి, చౌకట్టు వదలకుండానే అడిగింది: ‘ఎన్ని దినాలు చెయ్యాలె అమ్మా?’

మందు ఎక్కినన్నాళ్ళు, తర్వాత ఇంకో రెండు మూడు నెలలు అన్నాను.

వేళ్ళ మీద లెక్కేసుకుంది. ‘అంటే బతుకమ్మ దాంక’ అంది. అంతే అన్నాను. ‘బతుకమ్మ ఆడొచ్చునా?’

ఆడాల్సిందే, కాకపోతే చెప్పులు తీయొద్దు అన్నాను. చెప్పులేసుకుని బతుకమ్మ ఎట్ల ఆడతారమ్మా అని ఆమె, కొడుకు ఇద్దరూ నాతో వాదం పెట్టుకున్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు.